కంట్లో సేమ్యా

*సకల జనుల సమ్మె రోజులు. తార్నాకలో ఒక కంటి ఆసుపత్రి. యూనివర్సిటీ హాస్టల్లో వంట చేసే సామేలు, పక్కన అతని భార్య ఈరమ్మ, ఎదురుగా రోగులకు వైద్యం గురించి వివరించే క్రిస్టినా.*

"సేమ్యానా?"

"సేమ్యా ముక్కంత అన్నానండి. సేమ్యా అనలేదు."

"అన్నవు బిడ్డా. ఈరమ్మా, అన్నదా లేదా?"

"ముక్కంత అన్నది. నీకు సగం మాటే ఇనబడతది. చెప్పనియ్యి ఆ పిల్లను."

"చెప్పమ్మా, చెప్పు. ముప్పై ఏండ్ల సంది సేమ్యా పాయసం వండుతున్న. పాలల్ల ఏస్తరు, నెయ్యిల ఏంచుతరు. కంట్ల ఏసుడు గిప్పుడే ఇంటున్న."

"సామేలు గారూ, అది మందండి. స్టెరాయిడ్ మందు. సన్నటి పుల్లలా ఉంటుంది, పావంగుళం కూడా ఉండదు. కంటి తెల్లగుడ్డులోంచి సూదితో లోపలికి పంపిస్తారు. అక్కడే ఉండి కొంచెం కొంచెం కరుగుతూ మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. వాపు లాగేస్తుంది."

"కరిగినంక?"

"కరిగిపోతుందంతే. మళ్ళీ తియ్యాల్సిన పని లేదు."

"పాయసం అయితది అన్నట్టు."

"ఏమయ్యా! మర్యాదగ మాట్లాడు."

"అడుగుతున్ననే. అడగొద్దా? కన్ను నాది."

"అడగండి, అడగండి. అందుకే నన్నిక్కడ కూర్చోబెట్టారు."

"అయితే అడుగుత. గిది ఎప్పుడు చేస్తరు?"

"రేపు పొద్దున్న."

"రేపు కుదరదు."

"పోనీ ఎల్లుండి?"

"ఎల్లుండి బంద్."

"రోజూ బందే కదండీ. సమ్మె కదా."

"గదే చెప్తున్న. సమ్మె అయినంక చూద్దాం. బస్సులు లేవాయె. వారాసిగూడ నుంచి ఎట్ల రావాలె?"

"ఇయ్యాల ఎట్లొచ్చినవు?"

"నడిచొచ్చిన."

"రేపు గూడ నడువు."

"నువ్వు ఎవరి దిక్కు ఈరమ్మా?"

"నీ కంటి దిక్కు."

"బాగా చెప్పారమ్మా. సామేలు గారూ, డాక్టర్ రాజశ్రీ మేడమ్ మీకు స్కాన్ బొమ్మ చూపించారు కదా. కన్ను వెనకాల ఒక పల్చటి తెర ఉంటుంది. అందులో చిన్న రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. దాంతో నీరు చేరి తెర ఉబ్బింది. అందుకే మీకు చూపు మసక."

"గ్యాస్ తోని అయింది."

"వంట గ్యాసా?"

"టియర్ గ్యాస్. పిల్లల మీద కొడితే హాస్టల్ కిటికీలకెల్లి లోపలికొచ్చింది. నేను పప్పు ఎనుపుతున్న. గప్పటి సంది మసక."

"దానివల్ల కాదండి. దానికి నీళ్ళు కారతాయి, మంట పుడుతుంది. ఇది బీపీ వల్ల వచ్చింది."

"బీపీ ఎందుకొచ్చింది? గ్యాస్ కొట్టుడు తోని."

"బీపీ పదేండ్ల సంది ఉన్నదమ్మా. గోలీ ఏసుకొమ్మంటే ఏసుకోడు. గోలీ తెచ్చి చేతుల పెడితే బియ్యం డబ్బాల పారేసిండు ఒకసారి."

"జారి పడ్డది."

"మూడు రోజులు వరసగ జారి పడ్డదా?"

"ఈరమ్మా, మనం ఆసుపత్రిల ఉన్నం. ఇంట్ల లేము."

"సరే సరే. ఇదిగో ఈ గళ్ళ కాయితం చూడండి. కుడి కన్ను మూసుకోండి. గీతలు ఎలా కనబడుతున్నాయి?"

"కుడి కన్ను మూసేది లేదు. అది చిన్నప్పుడే పోయింది. చింత బరికె తగిలింది."

"ఓ... అవును, ఫైల్లో ఉంది. సారీ అండి. అయితే ఎడమదానితోనే చూసి చెప్పండి."

"గీతలు వంకర ఉన్నయి. నడుమ గుంత వడ్డది. ఎవలు గీసిన్రు దీన్ని?"

"అవి నిటారుగానే ఉన్నాయండి."

"నిటారు?"

"స్కేలు పెట్టి గీసినవి."

"అయితే మా మెస్సు గోడ?"

"మెస్సు గోడేంటి?"

"గోడ వంకర కట్టిండని మొన్న మేస్త్రీని పట్టుకొని మస్తు తిట్టిన. లచ్చయ్య అని, పాపం మంచోడు. ఒట్టు పెట్టుకున్నడు, గోడ సక్కగున్నదని. కండ్లు దొబ్బినయా అన్న."

"ఎవరికండీ?"

"ఆయనకే."

"నవ్వకు బిడ్డా, ఇంకా ఉన్నది. ఏమయ్యా, చెప్పమంటవా? నువ్వు చెప్పవు, నేను చెప్త. మొన్న పప్పుల ఉప్పు అనుకొని చక్కెర పోసిండు. నూట ఇరవై మంది పిల్లలు."

"అయ్యో. మరి తిన్నారా?"

"తిన్నరు. ఆకలి మీద ఉన్నరు. ఒక పోరగాడు మాత్రం లేసి, 'సామేలన్నా, మనకు తెలంగాణ వచ్చేసిందా ఏంది, స్వీటు పెట్టినవు' అన్నడు. నేను అవునన్న. జై కొట్టిన్రు."

"చూసినవా బిడ్డా? గిట్ల నడిపిస్తున్నడు. ఎవలకూ చెప్పడు. చెప్తే పనిలకెల్లి తీసేస్తరని భయం."

"భయం కాదే. పిల్లలకు వండిపెడతనన్న. మాటంటే మాట."

"సామేలు గారూ, నిజం చెప్పండి. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

"గిప్పుడే. మొన్నమొన్న."

"మొన్నంటే?"

"బోనాల కాడి సంది."

"అంటే రెండు నెలలు దాటిపోయింది!"

"ఏం జేయాలె మరి? హాస్టళ్ళకు సెలవులిచ్చిన్రు, మెస్సు బంద్ పెట్టిన్రు. పిల్లలు ఊర్లకు పోతలేరు. పోరాటం ఇడిచిపెట్టి పోమంటరు. సరే, పోకుండ్రి. మరి తినాలె గద? వాళ్ళ ఊర్ల నుంచి బియ్యం బస్తాలు వస్తున్నయి, కూరగాయలు వస్తున్నయి. హాస్టల్ ఎనకాల మూడు రాళ్ళు పెట్టి, కట్టెల పొయ్యి మీద నేను వండుతున్న."

"కట్టెల పొయ్యా? పొగలోనా?"

"పొగ లేకుంట కట్టెలు మండుతయా?"

"అయితే ఇది కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మందు పెట్టాక వారం పది రోజులు పొగ దగ్గరికి వెళ్ళకూడదు. కంట్లో నీళ్ళు పడకూడదు, నలపకూడదు. ఇన్ఫెక్షన్ రాకుండా చుక్కలు వేసుకోవాలి."

"అయిపోయింది. ఖతం. ఈరమ్మా, లే. పోదాం."

"కూసో."

"పది రోజులు పొయ్యి కాడికి పోకపోతే ఆ పిల్లల గతి ఏంది? రాజన్న ఉన్నడు నాకు సాయం. యాభై ఏండ్లొచ్చినయి, ఇంకా అన్నం వార్చుడు రాదు."

"కన్ను పోతే పది రోజులు కాదు, ఎప్పటికీ పోలేవు పొయ్యి కాడికి. కూసో."

"అమ్మ చెప్పింది నిజమండి. వాపు అలాగే ఉండిపోతే తెర దెబ్బతింటుంది. తర్వాత ఎంత మందు పెట్టినా చూపు పూర్తిగా రాదు."

"పెడితే వస్తదా?"

"చాలామందికి వస్తుంది. ఎంత వస్తుందో ముందే చెప్పలేం. కొంతమందికి కంట్లో ప్రెషర్ పెరుగుతుంది, చుక్కలతో తగ్గిస్తాం. శుక్లం తొందరగా రావచ్చు. ఎప్పుడో ఒకరికి ఇన్ఫెక్షన్ కూడా వస్తుంది. నొప్పీ ఎరుపూ ఎక్కువైతే వెంటనే రావాలి."

"గిప్పటిదాక మంచిమంచిగ చెప్పి, ఆఖరుకు గిదా!"

"దాచకూడదండి. మీ కన్ను కదా."

"బిడ్డా, ఒక మాట. నీది ఏ ఊరు?"

"తార్నాక."

"తార్నాక నాకెరుకే. మీ అమ్మానాయినది?"

"తెనాలి దగ్గర."

"అనుకున్న. 'అండి' అంటుంటేనే అనుకున్న. చూసినవా ఈరమ్మా? నాకున్నది ఒక్క కన్ను. దాంట్ల సూది పొడుస్తనంటున్నది ఆంధ్ర పిల్ల. గీ టైములనే."

"పొడిచేది నేను కాదండి. రాజశ్రీ మేడమ్."

"మేడమ్‌ది ఏ ఊరు?"

"కరీంనగర్."

"అట్లనా. మరి ఆ మందు?"

"మందు ఫారిన్‌దండి."

"అయితే సరే. వాళ్ళతోని మాకు పంచాది లేదు."

"మరి ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్ననని ఎప్పుడన్న? పంచాది లేదన్న."

"సామేలు గారూ, నేనొక మాట చెప్తాను, ఇది ఆసుపత్రి మాట కాదు. మా నాన్న పేరు ఎలీషా. బడిలో మాస్టారు, చర్చిలో వాక్యం చదివేవారు. ఆయనకీ ఇలాగే వాపొచ్చింది. సూదన్నారు డాక్టర్లు. క్రిస్మస్ అయ్యాక అన్నారు మా నాన్న. తర్వాత ఈస్టర్ అయ్యాక అన్నారు. తర్వాత అక్క పెళ్ళి అయ్యాక అన్నారు."

"తర్వాత?"

"ఇప్పుడు నేను చదివితే వింటారు. మధ్యలో ఎక్కడైనా తప్పు చదివితే దిద్దుతారు. అంతా నోటికొచ్చు. కానీ పుస్తకం మాత్రం ఒళ్ళోనే పెట్టుకుంటారు."

"ఏమయ్యా. ఇన్నవా?"

"ఇన్న."

"ఏమంటవు?"

"రేపు ఎన్నిటికి బిడ్డా?"

"ఎనిమిదింటికి."

"టిఫిన్ తిని రావచ్చునా?"

"తినండి. బీపీ గోలీ కూడా వేసుకోండి. బియ్యం డబ్బాలో కాదు."

*మర్నాడు పొద్దున, ఆపరేషన్ గది. సామేలు పడుకొని ఉన్నాడు. డాక్టర్ రాజశ్రీ చేతులు కడుక్కొని వచ్చింది. సామేలు పట్టుపట్టడంతో క్రిస్టినా తలాపున నిలబడింది.*

"బిడ్డా, ఉన్నవా?"

"ఇక్కడే ఉన్నానండి."

"పోతే చెప్పి పో."

"పోను. మత్తు చుక్కలు వేశారు కదా, కన్ను మొద్దుబారిందా?"

"మొద్దువారింది. గని నా మనసు మొద్దువారలే. దానికి చుక్కలు లేవా?"

"సామేలు గారూ, నేను రాజశ్రీని. కదలకండి. పైకి చూడండి. మాట్లాడితే పర్లేదు, తల మాత్రం ఊపొద్దు."

"మేడమ్, మీది కరీంనగర్ అట గద?"

"అవును. పైకి చూడండి."

"కరీంనగర్ల ఎక్కడ?"

"సామేలు గారూ, పైకి. క్రిస్టినా, ఈయన్ని మాటల్లో పెట్టు. చాలా బిగుసుకుపోయాడు."

"సామేలు గారూ, బగారన్నం ఎలా చేస్తారండీ?"

"గిప్పుడా?"

"ఇప్పుడే. మా ఇంట్లో చేస్తే ముద్దయిపోతోంది."

"అయితది. మీకు నీళ్ళ లెక్క తెల్వదు. ముందుగల బియ్యం కడిగి అరగంట నానబెట్టాలె. నానబెడుతున్నరా?"

"లేదు."

"ముద్ద గాక ఏమైతది? మంచిగ నానబెట్టాలె. గిన్నెల నూనె పొయ్యాలె. నూనె కాగినంక షాజీర, చెక్క, లవంగం, బిర్యానాకు. చిటపటమంటయి. అప్పుడు..."

"చిన్న టక్ మని శబ్దం వస్తుంది. కొంచెం ఒత్తినట్టు ఉంటుంది. పైకి చూడండి. అంతే."

"టక్ మన్నది మేడమ్."

"అయిపోయింది."

"ఏంది అయిపోయింది?"

"మందు పెట్టేశాను. బాగా సహకరించారు."

"ఇంకా ఉల్లిగడ్డ గూడ ఎయ్యలే మేడమ్!"

"సామేలు గారూ, నా వేళ్ళు కనబడుతున్నాయా? ఎన్ని?"

"రెండు. మేడమ్, కంట్ల ఏందో ఆడుతున్నది. సన్నగ, దారం లెక్క."

"అదే మందు. కొన్నాళ్ళు అలా కనిపిస్తుంది. భయపడకండి."

"బిడ్డా, నువ్వు చెప్పింది నిజమే. సేమ్యానే. ఈత కొడుతున్నది."

"అయితే ఇక వదిలేయండి నా చెయ్యి. వేళ్ళు నలిగిపోయాయి."

"ఇది నీ చెయ్యా? నేను మంచం పట్టె అనుకున్న."

*రెండు వారాల తర్వాత. మళ్ళీ క్రిస్టినా గది. సామేలు, ఈరమ్మ.*

"నాలుగో వరస దాకా చదివారటగా! మొన్నటిదాకా పైన ఒక్క అక్షరమే కదా కనబడింది."

"ఊఁ."

"స్కాన్‌లో వాపు సగానికి పైగా తగ్గింది. ప్రెషర్ కూడా బాగానే ఉంది. గళ్ళ కాయితం?"

"సక్కగున్నది. ఒక్క మూలకు జర వంగింది."

"అది కూడా తగ్గొచ్చు. మందు ఇంకా పనిచేస్తూనే ఉంది. నెలకొకసారి వచ్చి ప్రెషర్ చూపించుకోవాలి. అదేంటండీ, సంతోషంగా లేరు?"

"ఉన్న."

"లేడు బిడ్డా. రెండు రోజుల సంది మూతి ముడుచుకొని కూసున్నడు. అన్నం తింటలేడు."

"ఎందుకండీ? నొప్పేమైనా ఉందా?"

"నొప్పి కంట్ల లేదు."

"మరి?"

"ఆ పిల్లలు బిడ్డా, ఆ పిల్లలు! ముప్పై ఏండ్లు వండిపెట్టిన. మొన్న సూద్దామని పోయిన, నల్లద్దాలు పెట్టుకొని, పొయ్యికి దూరంగ నిలవడ్డ. 'సామేలన్నా, కన్నెట్లున్నది' అని అందరొచ్చిన్రు. మంచిగనే అడిగిన్రు. అడిగినంక ఏమన్నరో తెలుసా?"

"ఏమన్నారు?"

"'తొందర లేదన్నా, బాగ రెస్టు తీసుకో' అన్నరు."

"మంచి మాటే కదండీ."

"మంచి మాటనా? తొందర లేదట! నేను లేకపోతే పస్తులుంటరని రాత్రింబగళ్ళు పరేషాన్ అయితే, తొందర లేదట!"

"అంటే రాజన్న గారు బాగానే వండుతున్నారన్నమాట."

"రాజన్ననా? ఫస్టు రెండు రోజులు రాజన్ననే. అన్నం మాడ్చిండు. మాడితే మాడింది, వాసన గేటు దాక పోయింది. మూడో రోజు ఒకాయన వాసన పట్టుకొని లోపలికొచ్చిండట. 'ఎవడ్రా అన్నం మాడుస్తున్నది, బియ్యం పండించుడు ఎంత కష్టమో తెలుసా' అని తిట్టిండట. తిట్టి, రాజన్న చేతులకెల్లి గరిటె గుంజుకున్నడట."

"ఎవరాయన?"

"కొమురెల్లి అని. జనగామ దిక్కు. వాళ్ళ నాయిన పెండ్లిళ్ళకు వంట చేస్తడట. ఈయనకు చిన్నప్పటి సంది చెయ్యి అలవాటున్నది."

"దేవుడు పంపినట్టే వచ్చాడు! ఎలా వండుతాడు?"

"ఏమోనమ్మా."

"నువ్వు తినలే?"

"తిన్న."

"మరి చెప్పు బిడ్డకు."

"పచ్చిపులుసు పర్వాలేదు."

"పర్వాలేదా? మూడుసార్లు పోయించుకున్నవు. నేను పక్కనే ఉన్న."

"ఉప్పు చూసిన. మూడుసార్లు చూడాలె. మెస్సు నాది."

"సామేలు గారూ, మీరు ఒప్పుకోరు గానీ, ఆయన్ని మీ దగ్గరే ఉంచేసుకోండి. మీకు కూడా పొగ తగ్గుతుంది. ఇద్దరూ కలిసి వండుకోవచ్చు."

"ఉంచుకునేటట్టు లేదు. ఆయనకు నౌకరి ఉన్నది."

"ఏం ఉద్యోగం?"

"గేటు కాడ."

"వాచ్‌మనా?"

"అసొంటిదే."

"అసొంటిదంటే?"

"నిలవడతడు. వచ్చేటోళ్ళను చూస్తడు. పోయేటోళ్ళను చూస్తడు."

"చెప్పవేంది? నీళ్ళు నములుతవు? బిడ్డా, ఆయన పోలీసు. కానిస్టేబులు. గేటు కాడ డ్యూటీ ఏసిన్రు, పిల్లలు ర్యాలీగ బయటికి రాకుంట ఆపేటందుకు. పొద్దుగాల టోపీ, బెల్టు, లాఠీ అన్నీ జామచెట్టు కొమ్మకు తగిలేసి, లుంగీ కట్టుకొని వండుతడు. వండినంక మళ్ళ తొడుక్కొని గేటు కాడికి పోతడు."

"అయ్య బాబోయ్! మరి పిల్లలకి తెలుసా?"

"తెల్వకేంది బిడ్డా! మొన్న నేను పచ్చిపులుసు తింటుంటే నా ముందటనే వాళ్ళు ఆయనతోని చెప్తున్నరు: 'కొమురెల్లన్నా, రేపు పదింటికి ర్యాలీ పెట్టినం, నువ్వు గేటు కాడ మమ్ముల ఆపాలె గద, జర తొమ్మిదింటికే వండు, తినేసి అందరం కలిసే పోదాం.'"